పడవలో పోయిన వాసన

రాంగోపాల్‌పేట్‌లోని సుబ్బరాజు గారి టీ పొడి డిపోలో రోజూ ఉదయం తొమ్మిదింటికి ఒక దృశ్యం కనబడేది. నోళ్లు విప్పిన ఏడెనిమిది గోతాలు, వాటి మధ్య ఎత్తుపీట మీద తెల్ల చొక్కా వేసుకున్న ఒక యాభై ఏళ్ల మనిషి. ఆయన ఒక్కో గోతంలోంచి చారెడు పొడి తీసి, నోటి ఆవిరి తగిలేలా ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఆ కాసేపు హమాలీలు కూడా గొంతు తగ్గించేవారు. ఆయన కళ్లు తెరిచి, "ఇది రెండు పాళ్లు, అది ఒక పాలు. ఆ మూల గోతం వానలో తడిసింది, వెనక్కి పంపించండి" అనేవారు. ఆ రోజుకి ఏ పొడిలో ఏది కలపాలో తేలిపోయినట్టే.

ఆయన పేరు అబ్రహాం. తెనాలి పక్క పల్లె నుంచి పాతికేళ్ల క్రితం వచ్చి ఈ డిపోలో చేరారు. "ఈ వ్యాపారానికి పెట్టుబడి నాది, ముక్కు అబ్రహాం గారిది" అని సుబ్బరాజు గారు అందరికీ చెప్పేవారు. ఆ ముక్కు ఇంట్లో మాత్రం కొంత ఇబ్బంది పెట్టేది. మౌలాలిలో టీచరుగా పనిచేసే ఆయన భార్య దేవకృప ఏ కూర వండినా ఆయన గుమ్మంలోనే ఆగి, "ఆవాలు మాడాయి" అనో, "నిన్నటి కొబ్బరి వేశావు" అనో చెప్పి లోపలికి వచ్చేవారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె వంట బాగుందని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

వాళ్ల చర్చి సభ్యులు ఏటా క్రిస్మస్ సందడి అయ్యాక, జనవరిలో రెండో శనివారం పిక్నిక్‌కి వెళ్లేవారు. ఆ సంవత్సరం ఊరి బయట, పడవలు తిరిగే ఒక చెరువు దగ్గరికి వెళ్లారు. తొక్కుతూ నడిపే నాలుగు పడవలు, గట్టు మీద మేకులకి వేలాడే నారింజ రంగు రక్షణ కోట్లు, వాటన్నిటికీ కాపలాగా వీరయ్య అనే పెద్దాయన.

"సార్లూ, గా కోట్లు ఏస్కోండ్రి. పడవల జెర కూసోని ఉండుండ్రి, నిలబడొద్దు. ఒకదానికొకటి గుద్దుకుంటే ఎల్లెల్కల పడ్తరు" అని వీరయ్య ఎక్కే ప్రతి మనిషికీ చెబుతున్నాడు.

అబ్రహాం గారు ఒక కోటు తీసి వాసన చూసి, "ఇది వేసుకుంటే నీళ్లలో పడకముందే ప్రాణం పోతుందయ్యా" అని మళ్లీ మేకుకి తగిలించారు. అందరూ నవ్వారు. ఆయన వేసుకోలేదు గనక తక్కిన మగవాళ్లూ వేసుకోలేదు.

ఆయన ఎక్కిన పడవని తొక్కుతున్నది దేవకృప తమ్ముడు నోవహు. మౌలాలి రైల్వే కాలనీలో పుట్టి పెరిగి, బేగంపేటలో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్నవాడు. నలుగురినీ నవ్వించకుండా ఒక్క పూట కూడా ఉండలేడు. ఎదురుగా వచ్చే పడవలో పాస్టరు జ్ఞానశేఖర్ గారు ఉన్నారు.

"బావా, అయ్యగారి పడవకి చిన్న డ్యాష్ ఇద్దామా? జెర మజా వస్తది!" అన్నాడు నోవహు.

బావగారికీ ఉత్సాహం వచ్చింది. పడవ మధ్యలో లేచి నిలబడి, టోపీ ఊపుతూ, "తొక్కరా! ఎడమకి తిప్పు! అది కుడిరా నాయనా, ఎడమకి!" అని ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టారు. గట్టు మీద వీరయ్య చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. పాస్టరు గారు తప్పించుకోవాలని తన కుడికి తిప్పారు. రెండు పడవలూ ముక్కులు కలిపి ఢీకొన్నాయి.

అబ్రహాం గారు వెల్లకిలా పడ్డారు. తల వెనక భాగం సీటు ఇనుప కమ్మీకి టంగుమని తగిలింది. ఆ చప్పుడుకి రెండు పడవల్లోని వాళ్లూ తొక్కడం ఆపేశారు. అంతలో ఆయన మెల్లగా లేచి కూర్చుని, తల పట్టుకుని, "స్తోత్రం!" అన్నారు.

ఇక నవ్వులే నవ్వులు. పాస్టరు గారైతే కళ్లు తుడుచుకుని, "ఒరే నోవహూ, బైబిల్లో ఆ నోవహు లోకంలో ఉన్న జీవాలన్నిటినీ ఓడలో ఎక్కించుకుని, ఒక్కదానికీ దెబ్బ తగలకుండా దింపాడు. నీ వల్ల ఒక్క బావగారిని దింపడం కాలేదు!" అన్నారు. అబ్రహాం గారు అందరికంటే గట్టిగా నవ్వారు.

పడవ ఒడ్డుకి రాగానే దేవకృప మాత్రం గట్టు దిగి వచ్చి ఆయన తల తడిమి చూసింది. "నిమ్మకాయంత బొప్పి కట్టిందండీ. డాక్టరుకి చూపిద్దాం."

"పిక్నిక్‌లో పడి ఆసుపత్రికి వెళ్లాడంటే డిపోలో నా పరువేం కాను? ఏమీ కాలేదు" అన్నారాయన. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రెండుసార్లు వాంతి చేసుకున్నారు. అది బిర్యానీ చేసిన పని అని ఆయనే తేల్చేశారు. అందరూ ఒప్పుకున్నారు.

పాఠకులు కూడా ఆ బస్సులో ఉండి ఉంటే బహుశా ఒప్పుకునేవారే. కింద పడిన మనిషి నవ్వుతూ లేస్తే, మన మనసుకి అంతకంటే హాయి ఏముంటుంది? ఆ నవ్వుతో మన బాధ్యత కూడా తీరిపోయిందని అనుకుంటాం.

ఆ తర్వాత నోవహుకి చేతినిండా పని దొరికింది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, చివరికి ఒకరి ఇంట్లో కృతజ్ఞతా కూడికలో కూడా "బావ పడిన కథ" అభినయించి చూపించేవాడు. చెప్పినకొద్దీ కథ పెరిగింది. నాలుగోసారికి పడవ రెండు ముక్కలైంది. ఏడోసారికి చెరువులో చేపలు గట్టు మీదికి ఎగిరాయి. అబ్రహాం గారు ముందు వరసలో కూర్చుని నవ్వేవారు. నవ్వినప్పుడల్లా తల వెనక సుత్తితో కొట్టినట్టు ఉండేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మూడో వారంలో ఒకరోజు దేవకృప పరీక్ష పేపర్లు దిద్దుతూ పొయ్యి మీద వంకాయ కూర మరిచిపోయింది. కూర అడుగంటి బొగ్గయింది. ఆరోజు ఇంట్లో యుద్ధం తప్పదని భయపడుతూనే వడ్డించింది. అబ్రహాం గారు రెండు ముద్దలు తిని, తలెత్తి, "బాగుంది" అన్నారు.

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ మాట ఇరుగుపొరుగుకి చెప్పింది. చర్చిలో చెప్పింది. "పిక్నిక్ నుంచి మా ఆయన మారిపోయారండీ. ఏది పెట్టినా బాగుందంటున్నారు." భార్యలందరూ తమ భర్తలను అదోలా చూశారు. పాస్టరు గారు ఇది ఇరవై రెండేళ్ల ప్రార్థనకి జవాబు అన్నారు.

నిజం అబ్రహాం గారికి అప్పటికే తెలుసు. ఒక ఉదయం డిపోలో టీ పొడి అరచేతిలో వేసుకుని ఊది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాలేదు. మరో గోతం చూశారు, మరొకటి చూశారు. చేతిలో ఉన్నది టీ పొడో రంపపు పొట్టో తేడా తెలియలేదు. జలుబు అనుకున్నారు. వారం గడిచినా, పది రోజులు గడిచినా వాసన రాలేదు. పాతికేళ్లుగా అన్నం పెట్టిన ముక్కు ఎప్పుడు పోయిందో కూడా ఆయనకి తెలియలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన భోజనం డబ్బా విప్పలేదు.

చెబితే ఉద్యోగం పోతుందనీ, నోవహు కథకి ఇంకో అంకం దొరుకుతుందనీ ఆయన భయం. అందుకని ఒక ఉపాయం పన్నారు. డిపోలో పొట్లాలు కట్టే సీతారత్నం అనే నడివయసు మనిషి ఉంది. ఆమెని పిలిచి, "సీతారత్నం, పదిహేనేళ్లుగా చేస్తున్నావు. నీ తెలివి ఎంతో చూద్దాం. దీని వాసన ఎలా ఉందో చెప్పు" అన్నారు.

ఆమె బెదురుతూ, "కొంచెం మట్టి వాసనండీ" అంది.

"శభాష్! నేనూ అదే అనుకున్నాను" అన్నారు అబ్రహాం గారు గంభీరంగా.

అలా రోజూ సీతారత్నానికి పరీక్షలు జరిగేవి. రోజూ ఆమెకి నూటికి నూరు మార్కులు వచ్చేవి. ఆమె జడలో పూలు పెట్టుకుని పనికి రావడం మొదలుపెట్టింది.

ముక్కుతోనే ఆగితే ఎలాగో నడిచేది. ఆయనకి ఇతర తేడాలూ వచ్చాయి. గబుక్కున తల తిప్పితే కళ్లు తిరిగేవి. ఎప్పుడూ గొంతెత్తి ఎరగని మనిషి, చర్చిలో డోలక్ మోగుతుంటే "ఆపండి ఆ గోల!" అని అరిచారు. ఒక ఆదివారం వాక్యం చదవడానికి లేచి, చదివిన వచనమే మళ్లీ చదివారు. అంత ముఖ్యమైన వచనం కాబోలని జనమంతా మూడోసారి కోసం ఎదురుచూశారు. "మీ ఆయనకి పెద్దరికం ముదిరింది" అని దేవకృపతో అన్నవాళ్లున్నారు. "బాగుంది, బాగుంది అంటూనే చిన్న విషయానికే కసురుకుంటారు. ఈ మనిషి అర్థం కావడం లేదు" అని ఆమె లోలోపల బాధపడేది.

జూన్‌లో సీతారత్నం చెల్లెలి కూతురి పెళ్లికని విజయవాడ వెళ్లింది. ఆ వారంలోనే ఒక లారీ వచ్చింది. దానిలో టీ గోతాల పక్కన దారి పొడవునా ఇంగువ మూటలు ప్రయాణం చేశాయని ఎవరికీ తెలియదు. టీ పొడి పక్కనున్న వాసననంతా లాగేసుకుంటుంది. అబ్రహాం గారు పొడి చేతిలో వేసుకుని, ఊది, కళ్లు మూసుకుని, లోపల ప్రార్థించి, "మూడు పాళ్లు" అన్నారు.

నాలుగో రోజు స్టేషన్ వైపు హోటల్ నడిపే జోగారావు డిపోలోకి విసురుగా వచ్చాడు.

"రాజు గారూ, నాది టీ హోటలండీ! టీ తాగినవాళ్లందరూ పులిహోర ఏదని అడుగుతున్నారు!"

సుబ్బరాజు గారు కంగారుగా పొట్లం విప్పారు. విప్పిన మరుక్షణం రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఒక్క ముసలాయన మాత్రం కడుపుబ్బరం తగ్గిందని రోజుకి మూడు కప్పులు తాగుతున్నాడు. ఆయన ఒక్కడికోసం హోటల్ నడపలేను కదండీ!" అన్నాడు జోగారావు.

అతను వెళ్లాక సుబ్బరాజు గారు మెల్లగా అడిగారు. "అబ్రహాం గారూ, ఇంగువ మీకు తెలియలేదా?"

"జలుబండీ, రాజు గారూ."

"మీ ముక్కుకి జలుబు చేస్తే డిపోకి జ్వరం వచ్చినట్టే. జాగ్రత్త" అని ఊరుకున్నారాయన. ఆ మంచితనం అబ్రహాం గారికి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

ఊరినుంచి వచ్చిన సీతారత్నం సంగతంతా విని ఆయన దగ్గరికి వచ్చింది. "అయ్యా, నాకు పని నేర్పుతున్నారని మురిసిపోయాను. మీకు వాసన రావట్లేదు కదూ? ఇంట్లో అమ్మగారికి చెప్పండి. మీరు చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను." ఆయన ఇంతెత్తున లేచారు. తర్వాత, "ఇంకొన్నాళ్లు ఆగు" అని బతిమాలారు. ఆమె ఆగింది. అది కూడా పొరపాటే.

ఆగస్టులో ఒక శనివారం. వాన పడుతోంది. తలనొప్పి భరించలేక అబ్రహాం గారు పదకొండింటికే ఇంటికి వచ్చారు. దేవకృప బడిలో ఉంది. పొద్దున్న హడావిడిలో పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆమె అది గమనించకుండా పాలగిన్నె దించి, పొయ్యి ఆర్పేశాననుకుని వెళ్లిపోయింది. వానజల్లుకి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అబ్రహాం గారు వేడిగా టీ తాగుదామని వంటింట్లోకి వెళ్లి అగ్గిపెట్టె అందుకున్నారు. వానకి మెత్తబడిన మొదటి పుల్ల గీయగానే విరిగింది. ఆయన రెండో పుల్ల తీశారు.

సరిగ్గా అప్పుడే నోవహు తన కూతురి పుట్టినరోజుకి పిలవడానికి వచ్చాడు. వీధి తలుపు తోసిన వెంటనే వాసన అతని ముఖానికి కొట్టింది. వంటింటి గడపలోంచి చూస్తే బావ చేతిలో అగ్గిపుల్ల.

"బావా! ఆగు!" అని ఒక్క దూకు దూకి, చేతిలో అగ్గిపెట్టె లాగేసి, ఆయన్ని రెక్క పట్టి బయటి వరండాలోకి ఈడ్చాడు.

"ఒరే, మళ్లీ పడేస్తావట్రా నన్ను!" అని అరిచారు అబ్రహాం గారు.

నోవహు లోపలికి పరిగెత్తి, సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచి వచ్చాడు. వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "ఇల్లంతా గ్యాసు నిండి ఉంది బావా. గింత వాసన వస్తుంటే నీకు తెలుస్తలేదా?"

అబ్రహాం గారు వానకేసి తిరిగారు. "తెలియడం లేదురా. జనవరి నుంచి. ఆ పడవలో పడ్డప్పటి నుంచి."

ఏడు నెలలుగా ఆ పడటాన్ని ఎన్నిసార్లు ఆడి చూపించాడో నోవహుకి లెక్క తెలియదు. ప్రతిసారీ ముందు వరసలో నవ్విన బావ ముఖం అతనికి గుర్తొచ్చింది. పెద్దగా ఏడ్చేశాడు.

"ఏడవకురా. నాకు తలనొప్పిగా ఉంది" అన్నారు అబ్రహాం గారు.

బడి నుంచి వచ్చిన దేవకృపకి ఇద్దరూ కలిసి అంతా చెప్పారు. ఆమె ముందు భయంతో నీరుగారిపోయింది. ఆ పొయ్యి ఆర్పకుండా వెళ్లింది తనేనని తల కొట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి కళ్లు తుడుచుకుంది. "అయితే నా వంకాయ కూర బాగుందన్నది అబద్ధమా?"

"అబద్ధం కాదు కృపా. వేడిగా ఉంది" అన్నారాయన. ఆ భయంలోనూ ఆమెకి నవ్వు ఆగలేదు.

సోమవారం ముగ్గురూ నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె ఆయన కళ్లు మూయించి లవంగాలు, కాఫీ పొడి, నారింజ తొక్క ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టింది. ఆయన అన్నిటికీ "సబ్బు" అన్నారు. "తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

"లేదండీ" అన్నారు అబ్రహాం గారు అలవాటుగా.

"తగిలింది డాక్టరమ్మా. తప్పు నాది సుత ఉంది" అంటూ నోవహు ఆ కథ చెప్పాడు. ఈసారి పడవ రెండు ముక్కలు కాలేదు. చేపలు ఎగరలేదు. కథ చాలా చిన్నదిగా తేలింది. డాక్టరమ్మ నవ్వలేదు.

స్కానింగ్ తీయించి చూశాక ఆమె ఇలా వివరించింది. "తల వెనక దెబ్బ తగిలితే మెదడు లోపల ముందుకి ఊగుతుంది. వాసన మోసే నరాలు వెంట్రుకల కంటే సన్నం. ఆ కుదుపుకి తెగిపోతాయి. వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం, చిరాకు, మతిమరుపు అన్నీ ఆ దెబ్బవే. బొప్పి పది రోజుల్లో తగ్గింది. లోపలి దెబ్బ తగ్గలేదు."

"వెంటనే వచ్చి ఉంటే వాసన నిలిచేదా అమ్మా?" అని దేవకృప అడిగింది.

"నిలిచేదని చెప్పలేను. ఆ నరాలని కుట్టే మందు లేదు. కానీ ఆ రోజే వచ్చి ఉంటే లోపల రక్తం చేరిందేమో చూసేవాళ్లం. విశ్రాంతి ఇచ్చేవాళ్లం. ఈ తలనొప్పులకి ఏడు నెలల కిందటే మందు మొదలయ్యేది. ఆయనకి వాసన రాదని ఇంట్లో తెలిసేది. తెలిస్తే గ్యాసు దగ్గర జాగ్రత్తపడేవారు. మీరు దాచింది చిన్న దెబ్బ కాదండీ అబ్రహాం గారూ, నలుగురి ప్రాణాలకి సంబంధించిన సంగతి."

మర్నాడు అబ్రహాం గారు సుబ్బరాజు గారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశారు. రాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "పాతికేళ్ల అనుభవం కూడా ఆ ముక్కులోనే ఉందా ఏమిటండీ? తోటల సంగతి, సరుకు రకం, ఏది ఎంత కలిపితే ఏ రంగు వస్తుందో అదంతా తలలో ఉంది కదా. వాసన సీతారత్నం చూస్తుంది, పాళ్లు మీరు చెప్పండి. ఆమెకి మీ పక్కన ఇంకో పీట వేయిస్తాను" అన్నారు. అబ్రహాం గారే వెళ్లి సీతారత్నాన్ని పిలుచుకొచ్చారు.

మందులు వాడాక తలనొప్పి చాలావరకు తగ్గింది. కోపం తగ్గింది. మరిచిపోయే పనులు కాగితం మీద రాసుకోవడం నేర్చుకున్నారు. వాసన మాత్రం రాలేదు, ఇక రాదు కూడా. దేవకృప పొయ్యి పక్క కిటికీని వానాకాలంలో కూడా తెరిచే ఉంచుతుంది.

డిసెంబరులో చర్చి కమిటీ కూర్చుని రాబోయే పిక్నిక్ గురించి మాట్లాడింది. పడవలు ఉన్న చెరువుకే వెళ్దామన్నారు చాలామంది. "అబ్రహాం గారిని ఈసారి గట్టు మీద తాడుతో కట్టేద్దాం" అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. "నోవహూ, ఆ కథ ఒక్కసారి చెప్పు!" అని ఇంకొకరు అడిగారు.

నోవహు లేచి, "ఇగ ఆ కథ చెప్పను. మా అక్క చెప్తది, వినండ్రి" అని కూర్చున్నాడు.

దేవకృప లేచింది. బడిలో పాఠం చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది. కమ్మీ చప్పుడు దగ్గర నుంచి అగ్గిపుల్ల దాకా ఏదీ దాచలేదు. తన పొయ్యి మరుపునీ దాచలేదు. వింటున్న వాళ్ల ముఖాల్లో నవ్వు ఒక్కొక్కటిగా ఆరిపోయింది. పాస్టరు గారు తల వంచుకుని, "నేను కూడా నవ్వానమ్మా" అన్నారు.

"నవ్వడం తప్పని నేను అనడం లేదు అయ్యగారూ" అంది దేవకృప. "పిక్నిక్‌కి వెళ్దాం, పడవా ఎక్కుదాం. కానీ పడవ నడిపించేవాళ్లు చెప్పిన మాట విందాం, కోటు వేసుకుందాం, కూర్చునే ఉందాం. పడవతో పడవని గుద్దడం ఆట కాదని పిల్లలకంటే ముందు పెద్దవాళ్లం నేర్చుకుందాం. అయినా ఎవరైనా పడితే, 'ఏమీ కాలేదు' అని ఆ మనిషి పరువుకోసం చెప్పే మాట మనం నమ్మవద్దు. ఆ రోజే డాక్టరుకి చూపిద్దాం, ఆ తర్వాత కూడా నెలల తరబడి అతని తీరు కనిపెట్టి ఉందాం, నిజంగా ఏమీ కాలేదని తేలాక అప్పుడు అందరం కలిసి కడుపునిండా నవ్వుకుందాం."